ఆరు సీసాల వరస

జూలై 4, శుక్రవారం
కెమిస్ట్రీ స్టాఫ్ రూమ్

ఇరవై ఆరేళ్లు ల్యాబ్‌లో నా పక్కన నిలబడ్డ మిత్రుడికి,

నమస్కారాలు. ఇన్నేళ్లూ "ఏమోయ్" అంటే సరిపోయింది. కాగితం మీద ఏమని పిలవాలో తెలియక రెండు కాగితాలు చించాను. ఇక్కడ మేం కుశలం. నువ్వూ చెల్లెమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. సస్పెండయిన మనిషిని కుశలమడగడం వెటకారంగా ఉంటే నా తప్పు కాదు, ఉత్తరాల పద్ధతే అలా ఏడ్చింది.

ఇది నా ఆఖరి టర్ము. డిసెంబరు ముప్పై ఒకటిన సాగనంపుతారు. ఉపన్యాసం ప్రిన్సిపాల్ ఇస్తాడు. నా దగ్గర రెండుసార్లు పరీక్ష తప్పినవాడు ఏం చెబుతాడో నాకిప్పుడే తెలుసు: "కఠినంగా కనిపిస్తారు గానీ మాస్టారి మనసు వెన్న." నా మనసు వెన్నని నీకెప్పుడైనా అనిపించిందా? ఇక ఫిజిక్స్ ఆయన, కిటికీ పక్కనున్న నా కుర్చీ మీద ఇప్పటినుంచే కన్నేశాడు. మొన్న "ఎప్పుడండీ మీ రిటైర్మెంటు?" అని మూడోసారి అడిగాడు. "మీ పీహెచ్‌డీ పూర్తయ్యాక" అన్నాను. పక్కన కూర్చున్న మ్యాథ్స్ ఆవిడకి టీ పొలమారింది.

ఇన్ని మాటలంటున్నాను గానీ, ఈసారి కాలేజీ తెరిచిన దగ్గర్నుంచి కొత్త లెక్చరర్‌కి పట్టినట్టు భయం పట్టుకుంది. పాఠం గురించి కాదు. సోమవారం మొదటి ప్రాక్టికల్. అంటే ఆరు సీసాలు.

కొత్త బ్యాచి ముందు నేను కళ్లు మూసుకుని, లేబుళ్లు తీసేసిన ఆరు సీసాలు వాసన చూసి ఏది ఏమిటో చెప్పడం మన డిపార్టుమెంటులో ముప్పై ఏళ్ల తంతు. 'ముక్కు మాస్టారు' అన్న పేరు దానివల్లే వచ్చింది. ఈసారి ఆఖరిదని ప్రిన్సిపాల్ వీడియో కూడా తీయిస్తాడట.

నీ స్థానంలో ల్యాబ్ అసిస్టెంటుగా వచ్చినావిడ పనిమంతురాలే. సీసాలన్నీ తళతళలాడుతున్నాయి. నిన్న నాతో ఏమందో తెలుసా? "నేను అందించడమేంటి మాస్టారూ, పిల్లలే సీసాలు కలిపేసి ఇస్తారు. అప్పుడే కదా మజా!" వద్దమ్మా అన్నాను. "ఎందుకండీ?" అంది. క్లాసుందని చెప్పి బయటపడ్డాను, ఆ గంటలో నాకు క్లాసే లేదు.

అందుకని అసలు సంగతి. సోమవారం పది గంటలకు ఒక్క గంట వచ్చి, ఆ సీసాలు నువ్వే అందించి వెళ్లు. గేటు దగ్గర నేను చెబుతాను. పాతవాడు ముచ్చటపడి వచ్చాడంటే ఎవరూ కాదనరు.

నీకు కోపం రావచ్చు. మార్చిలో ఆ రోజు భోజనాల తరవాత నువ్వు ల్యాబ్ తలుపు తీస్తే లోపల గ్యాస్ కుళాయి తెరిచి ఉంది. నీ వెనకాలే వచ్చిన అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. విచారణ కమిటీ నన్నడిగింది, చెప్పాను. భోజనానికి ముందు గదంతా తిరిగి చూశాను, గ్యాస్ వాసన రాలేదు, తాళం వేసి నీ చేతికిచ్చాను అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. "ముక్కు మాస్టారికే తగల్లేదంటే అప్పటికి కుళాయి కట్టే ఉందన్నమాట. తరవాత తలుపు తీసినవాడి పనే" అని తేల్చింది వాళ్లు, నేను కాదు. బుధవారం నా చివరి సంతకం తీసుకుని ఫైలు మూసేస్తారట. ఆ పైన నీ ఉద్యోగం పోయినట్టేనని ప్రిన్సిపాల్ టీ తాగుతూ చెప్పాడు. నన్నేం చేయమంటావు?

ఇంట్లో మా ఆవిడ రుసరుసలాడుతోంది. మొన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే నేను స్టవ్వుకి రెండడుగుల దూరంలో పుస్తకం చదువుకుంటున్నానట. "మీరు మనిషా, కుర్చీయా?" అంది. పుస్తకం అంత బాగుంది అన్నాను. పాతకాలపు రసాయన శాస్త్రవేత్తల జీవితాలు. కనపడ్డ ప్రతి ఉప్పునీ నాలుక మీద వేసుకుని చూసేవాళ్లట. వాళ్లలో రిటైర్మెంటు దాకా బతికింది తక్కువమంది. అదృష్టవంతులు.

సోమవారం పది గంటలకు. మరిచిపోకు.

ఇట్లు,
కెమిస్ట్రీ డిపార్టుమెంటులో మిగిలిన పాత సామాను

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. రావద్దు.

రెండేళ్ల కిందటి జ్వరం తరవాత నాకు వాసనలు తెలియవు. కాఫీ, సబ్బు, మాడిన పాలు, అన్నీ ఒకటే. మా ఆవిడకి కూడా చెప్పలేదు. తెలిసినవాడివి నువ్వొక్కడివే, అదీ నేను చెప్పకుండానే. అంతకుముందు సీసాలు పిల్లలే కలిపేవాళ్లు. జ్వరం నుంచి లేచాక మొదటి ప్రాక్టికల్‌లో నువ్వు వాళ్లని వెనక్కి జరిపి, "మాస్టారికి నేనే అందిస్తా, మీరు దూరంగా ఉండండర్రా" అన్నావు. ముందు అమ్మోనియా ఇచ్చావు. వాసన తెలియనివాడికి కూడా అది కళ్లు మండిస్తుంది. మిగతా అయిదూ బీరువాలో ఉండే వరసలోనే వచ్చాయి. రెండేళ్లు నువ్వు అందించావు, నేను అప్పజెప్పాను. ఇద్దరం ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

మార్చిలో బర్నరు ఆరిపోయింది నా బల్ల మీద. కుళాయి కట్టానో లేదో నాకు గుర్తు లేదు. గది తిరిగిన మాట నిజమే, వాసన రాని మాట నిజమే. గది నిండా గ్యాస్ ఉన్నా నాకు రాదు. "ఈయనకి ముక్కు పనిచేయదండీ" అని కమిటీ ముందు నువ్వు ఒక్క మాట అంటే సరిపోయేది. నా వైపు చూసి తల దించుకున్నావు. ఆ చూపుని తట్టుకోలేకే నాలుగు నెలలుగా నిన్ను తిట్టుకుంటున్నాను.

బుధవారం దాకా ఆగితే మనసు మారుతుంది, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టి, ఇప్పుడే ప్రిన్సిపాల్ చేతికిచ్చి వచ్చాను. రెండుసార్లు చదివి, "వెనక్కి తీసుకోండి మాస్టారూ, ఆరు నెలలే కదా" అన్నాడు. "అందినట్టు సంతకం పెట్టవయ్యా" అన్నాను. ఆ సంతకం ఉన్న నకలు ఇందులో పెడుతున్నాను, జాగ్రత్త చేసుకో.

సోమవారం సీసాలు పిల్లల్నే కలపమని ల్యాబ్‌లో కొత్తావిడకి చెప్పాను. ఏదొచ్చినా తెలియదనే చెబుతాను, అమ్మోనియా ఒక్కటి తప్ప. ఆరుకి ఒక మార్కు. ఆ ప్రిన్సిపాల్‌కి కూడా నేను అంతకంటే ఎక్కువే వేశాను.