బాపు మాటల ఫైలు

శేఖర్,

ఇయ్యాల బంద్, బస్సుల్లేవు. ఆఫీసుకు నడిచే పోతున్న. కుక్కర్ల అన్నం ఉన్నది, బాపుకు మెత్తగ కలిపి తినిపియ్యి.

నిన్న కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు పాత ఫైలు ఉంచాల్నా, కొత్తది పెట్టాల్నా అని అడిగి ఉంటది. సదవకుండ కొత్తది అన్నవ్. బాపుకు పక్షవాతమొచ్చి మాట పోయినంక, ఒక్కో కీ ఒత్తితే ఒక్కో మాట తెరమీద పడేటట్టు నేను రాసిపెట్టిన ఫైలది. పొద్దుగాల నీళ్లకోసం కీ ఒత్తితే ఉత్త ఇంగ్లీషు అక్షరం పడ్డది. చెయ్యి గూడ పోయిందనుకొని ఏడ్చిండు.

కంపెనీవోళ్లు కొత్తది పక్కన పెట్టాలె గని, మనం రాసుకున్నది ముట్టొద్దు. మాటలన్నీ నా డైరీల ఉన్నయ్, చూసి మళ్ల ఎక్కించు.

అక్క

ముందుగాల ఎస్ కీ ఎక్కించు. నువ్వు తెలంగాణ ర్యాలీలకు పోయిన రోజుల్ల బాపు ఒత్తి ఒత్తి, దానిమీది అక్షరమే అరిగిపోయింది. అది ఒత్తితే "శేఖర్ వచ్చిండా" అని పడేది.