శవం దిగడానికి ఆగే రైలు, మనిషి ఎక్కడానికీ ఆగాలని

రాష్ట్ర రైల్వే కమిషనరు గారి సముఖమునకు,
పాత కాటన్‌వుడ్ బెండ్‌లో రొట్టెల కొట్టు నడుపుకొనుచున్న వినిఫ్రెడ్ ప్రిచర్డ్ వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: మా ఊరి సమాధుల దొడ్డి వద్ద తూర్పుకు పోయే పగటి రైలును ఒక్క నిమిషం ఆపించి, తుంటి విరిగిన నా తమ్ముడు రీస్ ప్రిచర్డ్‌ను ఎక్కించుకొనుటకు ఉత్తర్వు కోరుట గురించి.

తమరు మా ఊరిని ఎరుగరు. ఇప్పుడు వచ్చి చూద్దామన్నా లేదు. అది వెళ్ళిపోయిన ఉదయం సంగతి ముందుగా మనవి చేసుకుంటాను.

అది మామూలు ఉదయమే. పొయ్యి వెలిగించి, ప్రార్థన చేసుకుని, పిండి పిసుకుతున్నాను. మా చెల్లెలు షాన్ గుమ్మం ఊడుస్తోంది. రాత్రి మంచు పడి నేల గట్టిపడింది కనుక, ఇళ్ళను లాగుకుపోవడానికి కింద పెట్టిన దుంగలు బాగా దొర్లుతాయని ఊళ్ళో అందరూ ఆ రోజు ఎంచుకున్నారు. మొదట బ్యాంకు వెళ్ళింది. ఎడ్లు లాగుతుంటే మా కిటికీ ముందు నుంచి మెల్లగా కదిలిపోయింది. లోపల గుమాస్తా ఎప్పటిలాగే బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాడు. తరువాత వకీలు గారి ఆఫీసు. తరువాత డాక్టరు ఆంబ్రోజ్ గారి గది, సీసాలు గలగలమంటూ. మా ప్రార్థనా మందిరం వెళ్ళేటప్పుడు ఎవరూ తాడు లాగకుండానే దాని గంట దారిపొడుగునా మోగింది. అప్పుడు మాత్రం నేను చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాను.

మంగలి లూథర్ టటిల్ కొట్టు కదులుతూనే నడుస్తోంది. కుర్చీలో ఒకాయన, ముఖమంతా సబ్బు నురగ. లూథర్ కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"వినీ అక్కా, రెండు రొట్టెలు విసురు! నేను ఆగేట్టు లేను!"

"ఆ పెద్దమనిషికి సగం గడ్డం ఈ ఊళ్ళో, సగం ఆ ఊళ్ళో గీస్తావా?" అంది షాన్.

"కొత్త ఊళ్ళో గడ్డానికి కొత్త ధర, అమ్మాయ్! ఏం రీసూ, నువ్వెప్పుడు బయల్దేరుతున్నావు? ఇటుకలిల్లు నెత్తిన పెట్టుకుని వస్తావా?"

రీస్ గుమ్మంలో కాఫీ తాగుతున్నాడు. "గాలివాన వచ్చినప్పుడు నువ్వే వచ్చి నా తలుపు కొడతావులే, పోరా," అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యాహ్నానికి వీధి లేదు. మా ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఇక నా మనవులు:

1. రైలు పట్టాలు మా పెరటి పక్కనుంచే వేశారు. స్టేషను కూడా ఇక్కడే వస్తుందని ఊరంతా నమ్మింది. కంపెనీ వారు దానిని నాలుగు మైళ్ళు పడమరగా, స్థలాలు తామే అమ్ముకుంటున్న చోట పెట్టారు. అందుకే ఊరు అక్కడికి పోయింది. అందరివీ చెక్క ఇళ్ళు. మాది ఇటుకలది. ఈ మైదానంలో గాలికి ఎగిరిపోని ఇల్లు ఒక్కటైనా ఉండాలని రీస్ తన చేతులతో కట్టాడు. ఒక్కొక్క ఇటుకా తానే కాల్చాడు. అది ఎగరదు. కదలదు కూడా.

2. శీతాకాలం చివర మా పొగగొట్టం బాగుచేస్తూ రీస్ కింద పడ్డాడు. డాక్టరు గారు గుర్రం మీద వచ్చి చూశారు. ఎముక అతుక్కోలేదు, లోపల చీము పడుతోంది, తూర్పున పెద్దూరి ఆసుపత్రిలో కోసి సరిచేస్తే గాని బతకడు అన్నారు. రైలులో పడుకోబెట్టి తీసుకుపోవచ్చు, బండిలో మాత్రం వేయవద్దు, ఆ కుదుపుకు దారిలోనే పోతాడు అన్నారు.

3. బండి వద్దు కనుక తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి, నలుగురితో స్టేషనుకు మోయించాము. మధ్యలో లోతైన వాగు. గట్టు దిగేటప్పుడు తలుపు ఒరిగింది. వాడు ఒక్క కేక పెట్టి స్పృహ తప్పాడు. పరుపు నెత్తురైంది. వెనక్కి తెచ్చాము. వాగు మీద కంపెనీ వారి రైలు వంతెన ఉన్నది. దాని మీద మనుషులు నడవరాదని బోర్డు కూడా ఉన్నది.

4. మా పెరటి దగ్గర ఒక్కసారి రైలు ఆపమని కంపెనీ వారికి వ్రాసుకున్నాము. ఊరున్న చోటనే రైలు ఆగును, తాము తెలిపిన చోట ఊరు లేదు అని జవాబు వచ్చింది. షాన్ ఒక చెక్క మీద తెల్ల రంగుతో వ్రాసి పట్టాల పక్కన పాతింది: "పాత కాటన్‌వుడ్ బెండ్. జనాభా ముగ్గురు. రొట్టెలు, పురుళ్ళు, ఇటుక పని." పురుళ్ళు నేను పోస్తాను, అది అబద్ధం కాదు. ఇంజను డ్రైవరు చదివి, నవ్వి, కూత వేసి వెళ్ళిపోయాడు.

5. ఊరు సమాధులను మాత్రం తీసుకుపోలేదు. మావాళ్ళు తమవారి పక్కనే పడుకోవాలంటారు. అందుచేత కొత్త ఊళ్ళో ఎవరైనా పోతే, కంపెనీ వారు పగటి రైలును ఇక్కడ ఆపి శవపెట్టెను దించుతారు. అది మా పెరటికి కూతవేటు దూరం కూడా కాదు. మొన్న వకీలు గారి అత్తగారు పోయినప్పుడు రైలు ఆగింది. స్టేషనులో టికెట్టు ముందే కొనిపెట్టుకుని, రీస్‌ను తలుపు మీద పట్టాల దాకా తెచ్చాము. ఆవిడ పెట్టె దిగుతోంది. వీడు పడుకుని చూస్తున్నాడు. కండక్టరు కెల్సో గారు టికెట్టును తిప్పి తిప్పి చూశారు.

"ఇది కొత్త ఊరి నుంచి చెల్లుతుందమ్మా. ఇక్కడ ఎక్కడానికి అనుమతి లేదు."

"ఆవిడకు ఉందిగా?" అంది షాన్.

"ఆవిడ దిగుతున్నారు, అమ్మా."

"మరి బతికున్నవాళ్ళ సంగతి?"

"బతికున్నవాళ్ళకు స్టేషను ఉంది కదా."

"అయితే వీణ్ణి కూడా పెట్టెలో పెట్టి తెస్తాం. అప్పుడు ఎక్కించుకుంటారా?"

"దానికి డాక్టరు సంతకం కావాలి, తల్లీ." ఆ మాట అని ఆయన ముఖం తిప్పుకున్నారు. చెడ్డవారు కారు. ఉద్యోగం పోతే పిల్లలు పస్తులుంటారు అన్నారు. రైలు కదిలింది.

6. తరువాత స్టేషను గుమాస్తా నిబంధనలు వెదికి ఒక దారి చెప్పాడు. శవంతో వచ్చిన బంధువులు అదే రైలులో ముందుకు పోవచ్చునట. పోయినవారి ఇంటివాళ్ళు "ఇతను మావాడే" అని ఒక్క మాట అంటే రీస్‌ను ఎక్కించుకోవచ్చునట. అంటే మేము ఇంకొకరి చావు కోసం కాచుకోవాలి.

లూథర్ వాళ్ళ అమ్మ మంచం పట్టి ఉన్నది. ఆ సంగతి విని లూథరే వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ, "అక్కా, అమ్మ పోతే రీస్‌ను మా పిన్ని కొడుకని చెప్తాను. నువ్వు దిగులుపడకు," అన్నాడు. టటిల్ అమ్మ కూడా కబురు పంపింది: "నా కోసం కాచుకున్నారట. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమను. తొందరపడి పోయే అలవాటు మా వంశంలో లేదు."

అందరమూ నవ్వాము. రీస్ కూడా నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు.

అయ్యా, ఇంతవరకు వ్రాసినది ఎవరైనా వ్రాయగలరు. ఇక వ్రాయబోయేది నేను తప్ప ఎవరూ వ్రాయలేరు. నిన్న పిండి మూటలు తెచ్చినవాణ్ణి టటిల్ అమ్మ ఎట్లా ఉన్నదని అడిగాను. లేచి కూర్చుని గంజి తాగింది అన్నాడు. నా గుండె జారిపోయింది. రాత్రి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె ఆరోగ్యం కోసం ప్రార్థించాలి. నాలుక కదలలేదు. చిన్నప్పటి నుంచి నేను ఏనాడూ తడబడని పని ప్రార్థన ఒక్కటే. ఆ ముసలామె మా అమ్మకు స్నేహితురాలు. రీస్ పుట్టినప్పుడు వాణ్ణి మొదట ఎత్తుకున్నది ఆమె.

ఒక్క నిమిషం రైలు ఆగితే నా తమ్ముడు బతుకుతాడేమో. ఆగితే నేను ఎవరి చావూ కోరుకోనక్కరలేదు. ఈ రెండూ తమ చేతిలో ఉన్నవి. నా చేతిలో ఏదీ లేదు.

ఊరు లేని ఈ మనిషి మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వినిఫ్రెడ్ ప్రిచర్డ్

తా.క. ఈ అర్జీ మడవబోయే ముందు ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించాను. ఆ గంజి సంగతి కూడా చదివాను. రీస్ కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"టటిల్ అమ్మకు రొట్టె పంపుతున్నావా, అక్కా?" అన్నాడు.

పంపడం లేదన్నాను. ఆమె మంచం పట్టిన దగ్గర నుంచి మానేశాను. ఎందుకు మానేశానో వాడు అడగలేదు.

"రేపటి నుంచి పంపుదాం," అన్నాడు.

షాన్ చేతిలో గిన్నె ఠక్కున దించింది. "ముసలమ్మ తిని లేచి తిరిగిందంటే మనకు రైలు లేదు. తెలిసే అంటున్నావా?"

"తెలిసే. పైన చెక్కు కోసేసి పాలలో నానబెట్టండి. ఆవిడకు పళ్ళు లేవు."

షాన్ వెళ్ళి పాలకుండ మూత తీసి చూసింది. వాగు దాటి తానే తీసుకుపోతానంది.

కావున రేపు ఉదయం నుంచి మా పొయ్యిలోని మొదటి రొట్టె టటిల్ అమ్మదని ఈ సాయంత్రం మేము ముగ్గురం నిర్ణయించుకున్నాము.