తేనెకొండ దీపం స్థానే వెలిగిన బల్బు

దీపాలవలస,
కీలక నామ సంవత్సర మాఘ బహుళ పాడ్యమి (1969)

శ్రీయుత డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

దీపాలవలస కాపురస్థుడు, కీర్తిశేషులు అసిరయ్య కుమారుడు, వ్యవసాయదారుడు దీపాల అప్పలసూరి మిక్కిలి వినయంతోను, అంతకు మిక్కిలి కోపంతోను వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తేనెకొండ మల్లేశ్వరస్వామి వారి శిఖర దీపమును రాబోవు శివరాత్రికి నా చేతి మీదుగా వెలిగించుటకు అనుమతి కోరుట, మరియు ధర్మకర్త నగరేశ్వరరావు గారికి తగిన శాస్తి చేయుమని ప్రార్థించుట.

అసలు సంగతికి ముందు ఒక మనవి. ఈ విషయమై నేను తమకు పెట్టుకొన్న అర్జీలలో ఇది మొదటిది కాదు. వెనుకటి వాటిని ఎంతో అణకువగా వ్రాసుకొన్నాను. వాటికి తమ కార్యాలయం నుండి, "తగు చర్య నిమిత్తం ధర్మకర్త గారికి పంపడమైనది" అని జవాబు వచ్చినది. అనగా ఎవరి మీద ఫిర్యాదు చేసితినో వారికే నా ఫిర్యాదు చేరినది. నగరేశ్వరరావు గారు దానిని తమ రైసు మిల్లులో, ధాన్యం ఆడించుకోను వచ్చిన నలుగురి ఎదుట, పైకి చదివి వినిపించారు. నేను "తమ పాదపద్మములకు" అని వ్రాసిన చోట ఆగి, తమ కాలు ఎత్తి అందరికీ చూపించారట. మిల్లు మిల్లంతా నవ్వినదట. కావున ఈ అర్జీని మాత్రం దయచేసి ఆయనకు పంపవద్దు.

ఇక నా ఫిర్యాదులు:

1. తేనెకొండ యాత్ర తమకు తెలియనిది కాదు. కార్తీక పున్నమికి, శివరాత్రికి నౌపడ ఉప్పుమళ్ళ వాళ్ళ దగ్గర నుంచి విజయనగరం షాహుకార్ల దాకా వచ్చి కొండ ఎక్కుతారు. ఎక్కలేని వారు, అనగా ముసలివారు, బాలింతలు, మంచాన పడ్డవారు, తమ తమ ఊళ్ళలోనే పగలంతా ఉపవాసం ఉండి, పొద్దుగూకే వేళకు వాకిట్లో విస్తరి వేసుకుని కొండ కేసి చూస్తూ కూర్చుంటారు. శిఖరం మీద దీపం కనబడితే వారికి యాత్ర చేసినట్టే. అప్పుడు భోజనం చేస్తారు. ఆ దీపం వెలిగించే పని తాతముత్తాతల నాటి నుండి మా ఇంటిది. మా ఇంటిపేరే అందుకు సాక్ష్యం.

దీపం పెట్టేవాడు నూనె కుండ నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేకుండా, కుండ కింద దించకుండా, పైకి చేరేదాకా నోరు విప్పకుండా ఎక్కవలెను. కొండ మొదటికి చేరేలోగా ప్రతి గడపలోను ఆడవాళ్ళు నిలబడి తమ ఇంటి నూనె కాస్త ఆ కుండలో పోస్తారు. ఇప్పనూనె పోసేవారు ఇప్పనూనె, నువ్వులనూనె పోసేవారు నువ్వులనూనె. అందరి నూనె కలిస్తేనే అది కొండ దీపం. చిట్టచివరి గడప మిల్లు పక్కన ఉన్న నగరేశ్వరరావు గారి ఇల్లు. అక్కడ వారి తల్లి లక్ష్మీనరసమ్మ గారు ఏటేటా ఇత్తడి గిన్నెతో నిలబడి పోసేవారు. ఆ తల్లి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ కొడుకును కన్నందుకు కూడా లేదు.

2. నగరేశ్వరరావు గారు ధర్మకర్త అయిన ఏడాది శివరాత్రికి డోలీలో కొండ ఎక్కారు. బోయీలు నలుగురూ రొప్పుతూ దించితే, వారు కాలి బూట్లతోనే దిగారు. వెంట ఫోటో తీసేవాడు ఉన్నాడు. నేను కుండ దించి, ప్రమిదలో నూనె పోసి, కాగడాతో వత్తి ముట్టించబోతున్నాను.

"ఏటి సూరీ, ఆ కాగడా ఓపాలి ఇలాగియ్యి. ఫోటో తీయించుకుని ఇచ్చేస్తాను" అన్నారు.

"సెప్పులిప్పీసి, కిందకి దిగి, నడిసి రండి బాబూ. ఇస్తాను" అన్నాను.

యాత్రికులు నవ్వారు. నేను నవ్వలేదు. అయినా ఆ నవ్వు బాకీ మొత్తం నా పేరునే పడినది. ఈ అర్జీలోని తతిమ్మా కష్టాలన్నీ ఆ మాట నుండి పుట్టినవే. ఆ మాట అన్నందుకు నేను విచారించడం లేదని కూడా తమకు తెలియజేసుకుంటున్నాను.

3. ఈ మధ్య ఏజెన్సీ కొండల్లో జరుగుతున్న గొడవలు తమకు ఎరుకే. అవి అదను చేసుకుని నగరేశ్వరరావు గారు, తేనెకొండ మీద అప్పలసూరి పెట్టే మంట ఏజెన్సీలో ఉన్న దళాల వారికి సంకేతమని పోలీసు వారికి చెప్పుకున్నారు. గత కార్తీక పున్నమికి ముందు నన్ను కుండతో సహా స్టేషనుకు పిలిపించారు. హెడ్డు కానిస్టేబులు నరసింగరావు గారు కుండలో వేలు ముంచి వాసన చూసి, సారా కానందుకు కొంత నిరాశ పడ్డారు.

"సెప్పరా, ఎవులికిరా ఈ సిగ్నలు?" అని అడిగారు.

"మా యమ్మకి బాబూ" అన్నాను.

"మీ యమ్మ ఏ దళంలో ఉన్నాది?"

"కదల్లేదు బాబూ. వాకిట్లో ఉంటాది."

పరాచికమాడుతున్నానని చెంప మీద ఒకటి ఇచ్చారు. నేను పరాచికమాడలేదు. కొండ మీద నిప్పు రాజేయరాదని నా చేత వేలిముద్ర వేయించుకుని పంపించారు. నాకు సంతకం వచ్చును. ఈ అర్జీ నా దస్తూరీయే. కాని వారు అడగలేదు.

4. నా మీద నిషేధం పెట్టించి, నగరేశ్వరరావు గారు మిల్లు నుండి కొండ మీదికి తీగ లాగించి, శిఖరాన ఒక పెద్ద బల్బు కట్టించారు. దానిని వెలిగించుటకు ఎవరూ కొండ ఎక్కనక్కరలేదు. మిల్లులో కుర్చీలో కూర్చుని స్విచ్చి నొక్కితే చాలును. కార్తీక పున్నమి నాడు వారు అలాగే కూర్చుని నొక్కారు.

అయితే పండగ పూట కూడా ఆయన మిల్లు ఆపలేదు. మిల్లు మోటారుకు, స్వామివారి బల్బుకు ఒకటే తీగ. మోటారు ఆడించినప్పుడల్లా బల్బు ఆరిపోతుంది. మోటారు ఆపితే వెలుగుతుంది. భోజనం మధ్యలో దీపం కొండెక్కితే విస్తరి మీద చెయ్యి కప్పి, మళ్ళీ వెలిగేదాకా మెతుకు ముట్టరాదన్నది మా పెద్దల ఆచారం. ఆ సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, విస్తరి మీద చెయ్యి కప్పుకుని కూర్చున్నవి. వెలిగినది. చెయ్యి తీశారు. ఆరినది. చెయ్యి కప్పారు. పప్పు చల్లారిపోయినది, పిల్లలు ఏడ్చి నిద్రపోయారు. మా గంగులు మావ విస్తరి మీద చెయ్యి తీయలేక, దగ్గరికి వచ్చిన కుక్కను తోలలేక, కూర్చున్న చోటు నుంచే నగరేశ్వరరావు గారి వంశాన్నంతా పేరుపేరునా తలచుకున్నాడు. ఇన్ని ఊళ్ళ వాళ్ళ చేత ఎంగిలి చేత్తో తిట్లు తిన్న ధర్మకర్త ఈ జిల్లాలో మరొకడు ఉండడు.

5. ఈ అంశము ఆఫీసు భాషలో వ్రాయుట నా చేత కావడం లేదు. క్షమించవలెను.

మా అమ్మ పేరు కూర్మమ్మ. బల్బు మొదటిసారి ఆరినప్పుడే నోట్లో ముద్ద ఉమ్మేసి చెయ్యి కడుక్కున్నది.

"ఓరి సూరిగా, ఆ దీపం ఎవుడు ఎలిగించినాడు?" అని అడిగింది.

"ఎవుడూ కాదమ్మా. కరెంటు" అన్నాను.

"మరైతే ఎవుడి సేతి దీపం సూసి నాను తినాలి? ఆరిపోతే అడగడానికి మనిసే లేడు గదా. మన సేతి దీపం కొండ మీద కనబడిందాకా వండిన మెతుకు నాను ముట్టను."

ఆ మాట మీద ఈనాటికీ ఉన్నది. కాసిన్ని పాలు, ఒక అరటిపండు, నానబెట్టిన పెసలు. అంతే. ఇప్పుడు గోడ పట్టుకుని కూడా లేవలేకపోతున్నది. చెయ్యి పట్టుకుంటే చీపురుపుల్ల పట్టుకున్నట్టున్నది. బతిమాలాను, తిట్టాను, నేనూ తిననని బెదిరించాను. "తినకపోతే పోరా, నీకు బలుపెక్కువైనాది" అన్నది. చివరకు సంక్రాంతి వెళ్ళాక ఒకనాడు అబద్ధమాడాను. చూపు కూడా సరిగ్గా ఆనడం లేదు గదా అని, "అమ్మా, పర్మిషను వచ్చింది, ఎక్కి వెలిగించి వచ్చీసినాను, తిను" అని కంచం ముందు పెట్టాను. ఆవిడ కంచం పక్కకి నెట్టి నా కాళ్ళు దగ్గరకు లాక్కుని, అరికాళ్ళు తడిమి చూసింది. ముళ్ళు లేవు, రాళ్ళు కోసిన గాట్లు లేవు.

"ఈ కాళ్ళు కొండెక్కనేదురా" అన్నది.

ఇంతకంటె నేను వ్రాయలేను. మా అమ్మ చచ్చిపోతుందని నాకు భయంగా ఉన్నది. అది పోయిన తరువాత తమరు ఇచ్చే అనుమతి నాకు దేనికీ పనికిరాదు.

6. కావున తమ సముఖమున ప్రార్థించునది ఏమనగా: రాబోవు శివరాత్రికి నన్ను దీపం వెలిగించనీయవలెను. తమకు అనుమానం ఉంటే ఇద్దరు పోలీసులను వెంట పంపవచ్చును. బూట్లు విప్పి రావలెను.

అంతటితో నాకు తృప్తి లేదు గనుక మరికొన్ని కోరుతున్నాను. ఆ బల్బును ఊడదీయించి నగరేశ్వరరావు గారి పడకగదిలో, సరిగ్గా మంచానికి ఎదురుగా కట్టించి, స్విచ్చి మా గంగులు మావకు అప్పగించవలెను. నగరేశ్వరరావు గారు భోజనానికి కూర్చున్నప్పుడల్లా మిల్లు మోటారు ఆడించవలెను. ఆయనను ఒక్కసారి, డోలీ లేకుండా, చెప్పులు లేకుండా, నూనె కుండ నెత్తిన పెట్టి తేనెకొండ ఎక్కించవలెను. ముఖ్యముగా దారిలో నోరు విప్పకూడదన్న నియమం ఆయన చేత పాటింపజేయవలెను. కాళ్ళ సంగతి ఏమో గాని, ఆ నియమం దగ్గర ఆయన ప్రాణం పోతుందని నా నమ్మకం.

ప్రజల శాంతిభద్రతలకు భంగం కలిగించే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. నగరేశ్వరరావు గారి శాంతికి మాత్రం ఉన్నది.

ఇందలి సంగతులు తమరు చిత్తగించి, మా అమ్మకు ఓపిక ఉండగానే ఉత్తర్వు దయచేయించవలెను.

ఇట్లు,
దీపం విషయంలో తప్ప తక్కిన అన్నింటా తమ విధేయుడు,
దీపాల అప్పలసూరి

తా.క. ఈ అర్జీ మడిచి కవరులో పెడుతుండగా నా భార్య నీలవేణి వచ్చి ఒక సంగతి చెప్పినది. దానివలన పైన వ్రాసిన దానిలో కొంత మార్పు చేసుకుంటున్నాను.

నీలవేణి రోజూ నగరేశ్వరరావు గారి ఇంట పాలు పోస్తుంది. లక్ష్మీనరసమ్మ గారు మడి మనిషి. పెరటి వైపు గదిలో విడిగా వండుకుని, విడిగా తింటారు. ఆవిడ పాలు మునుపటి కంటె ఎక్కువ పోయించుకుంటున్నారని నీలవేణి ఎప్పటి నుంచో అంటున్నది. ఇవాళ వెళ్ళేసరికి ఆ పొయ్యిలో పిల్లి హాయిగా పడుకుని ఉన్నదట. ఇదేమని నీలవేణి అడిగితే ఆవిడ తలుపు దగ్గరగా వేసి చెప్పారట.

"నానూ ముట్టలేదే నీలా. గిన్నెతో గేటు కాడ నిలబడితే కుండే రాలేదు. నా నూనె కలవని దీపం సూసి ఎలా తింతాను? మీ అత్తకి సెప్పు, తనొక్కర్తే కాదని."

"బాబుగారికి తెలీదా అమ్మా?"

"ఆడడగలేదు. నాను సెప్పలేదు."

అని, పెట్టె తీసి, తమ పెళ్ళినాటి మధుపర్కం చీర చెరగు చింపి, వత్తికని ఇచ్చారట. ఇత్తడి గిన్నెడు నువ్వులనూనె కూడా ఇచ్చి, "ఈపాలి గేటు కాడికి రావద్దు, ముందే తీసికెళ్ళు" అన్నారట. ఆ గుడ్డ ఇప్పుడు నా ఎదుట ఉన్నది. మా అమ్మ దానిని ఒళ్ళో పెట్టుకుని వత్తి పేనుతున్నది. కార్తీకం తరువాత ఆ చేతులు ఒక పని చేయడం నేను ఇదే చూడడం.

కావున తమ అనుమతి కోసం నేను ఇక ఎదురుచూడడం లేదు. శివరాత్రి నాడు ఎక్కుతున్నాను. నన్ను పట్టుకోదలిస్తే దిగేటప్పుడు పట్టుకోమనండి. ఎక్కేటప్పుడు నోరు విప్పరాదు గనుక ఎవరు ఏమి అడిగినా జవాబు చెప్పలేను. ఆ సాయంత్రం తమ బంగళా మేడ మీదికి వస్తే దీపం తమకు కూడా కనబడుతుంది. అది సిగ్నలే. ఇద్దరు ముసలివాళ్ళకు, అన్నం తినండని.

ఇంకొకటి. ఈ అర్జీని ధర్మకర్త గారికి పంపవద్దని మొదట కోరితిని. ఆ కోరికను రద్దు చేసుకుంటున్నాను. ఎప్పటివలెనే తగు చర్య నిమిత్తం ఆయనకే పంపవలసినది. తమ కార్యాలయంలో కాగితం నడక నాకు తెలుసును గనుక ఇది శివరాత్రి దాటిన తరువాతనే చేరుతుంది. ఆయన ఎప్పటివలెనే దీనిని మిల్లులో నలుగురినీ పోగుచేసి పైకి చదువుతారు. చదవనివ్వండి. ఎవరూ మధ్యలో ఆపవద్దు. వేరే శాస్తి ఏదీ నాకు అక్కరలేదు, ఈ కింది వాక్యం ఆయన నోటనే అందరూ వింటే చాలును.

నగరేశ్వరరావు గారూ, కార్తీక పున్నమి నుండి శివరాత్రి దాకా మీ అమ్మ అన్నం తినలేదు.