ప్రసన్న హోటల్లో ఒక పొద్దున

చి.సౌ. కన్యకను డబ్లిన్ నుంచి అమ్మ దీవించి రాయునది. నేను కులాసా, నీ కూతురు నాకంటే కులాసా.

ఈ కార్డు మీది బొమ్మలో ఉన్నది ప్రసన్న పనిచేసే హోటలే. జార్జి రాజుల కాలంనాటి నాలుగు ఇళ్ళను కలిపి ఒక్కటి చేశారు. నిన్న పొద్దున నన్నక్కడికి టిఫినుకు తీసుకెళ్ళింది. తింటూండగా ఫైర్ అలారం మోగింది. అందరం చినుకుల్లోనే వీధిలోకొచ్చి నిలబడ్డాం. లిఫ్టు ఆగిపోవడంతో ఒక ముసలావిడ పై మెట్ల మీదే భయపడి కూర్చుండిపోయిందని ఎవరో చెప్పారు.

"అమ్మమ్మా, నువ్విక్కడే ఉండు, ఆవిణ్ణి తీసుకొచ్చేస్తాను" అంటూ ప్రసన్న తన కోటు నాకు కప్పి లోపలికి పరుగెత్తింది. కాసేపటికి ఆవిడ చెయ్యి తన భుజమ్మీద వేసుకుని, కబుర్లు చెబుతూ నడిపించుకొచ్చింది. తీరా చూస్తే వంటింట్లో రొట్టె మాడిందట!

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. "ఏంటే, ఏమంటోంది?" అన్నాను. "నన్ను బాగా పెంచారంటోంది" అని ప్రసన్న సిగ్గుపడింది.

దాన్ని వెంటబెట్టుకుని వచ్చెయ్యమని మీరిద్దరూ నన్ను పంపారు. ఆ మాట నేనిక అడగలేనమ్మా. అల్లుడుగారికి నువ్వే నెమ్మదిగా చెప్పు.

కొట్టు పైకప్పు కారడం ఆగిందా? నా బుజ్జి మనవడు బన్నీకి జ్వరం తగ్గిందా? వాడికి నా ముద్దులు. మీ ఇద్దరికీ ఆశీస్సులు. అక్కడ నా పెట్టెలో నేత దుప్పటి ఉంది, పార్సిల్ చెయ్యి. నేనొచ్చేశాక ప్రసన్న కప్పుకుంటుంది.

మీ అమ్మ