ఎర్ర రంగు వారానికి రుమాలు

శ్రీలతా,

నేను తలకు సుట్టుకునే ఎర్ర రుమాలు ఉతికి దండెం మీద ఆరేసిన. ఆరినంక తీసి మడత పెట్టుకో. రేపటి నుంచి అంగన్‌వాడిలో వారమంతా ఎర్ర రంగు పాఠమే అన్నవు గద. దాన్ని కింద పరిచి పిల్లలను సుట్టూ కూసోబెట్టు. విప్పితే మస్తు పొడుగుంటది, అందరికి సరిపోతది. టమాటలు, గాజులు, మందార పూలు దాని మీద పెట్టు. ఎండు మిరపకాయలు మాత్రం పిల్లల చేతికి ఇయ్యకు, కండ్లు నలుపుకుంటరు.

నిన్న నువ్వు రుమాలు అడిగితే నేను లేచి బయటికి పోయిన. నువ్వు చిన్నబుచ్చుకొని అన్నం కూడా సరిగ్గ తినలేదు. అది కోపం కాదు బిడ్డా. పిట్లంల మా చెల్లె భూమక్క బిడ్డకు ఇయ్యాల పెండ్లి ఖాయం చేసే పూలుపండ్లు. మేనమామను, రుమాలు లేకుండ పది మందిల ఎట్ల కూసోవాలె అని ఆలోచన చేసిన.

నా కొడుకు భీమేష్‌ది ఆకుపచ్చ తువ్వాల తలకు సుట్టుకొని పోతున్న. భూమక్క ఊకోదు. "ఏందన్నా, రుమాలు కోడలు గుంజుకున్నదా?" అంటది. "నేను మూడేండ్లే పోయిన బడికి, నా రుమాలన్న సదువుకోనీ" అని నేనంట.

వచ్చే వారం ఆకుపచ్చ రంగు అని రాసుకున్నవు గద. తువ్వాల గూడ నీకే ఇస్త.

బర్రెకు కుడితి పెట్టిన. పొద్దుగూకేవరకు వస్త. నువ్వు కడుపు నిండ తిను.

మీ మామ
పర్శరాములు

రుమాలు ఎవరిదని పిల్లలు అడిగితే మా మామదని చెప్పు. అడుగకపోయినా చెప్పు.