రూతమ్మ పిడికెడు బియ్యం

రూతూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. గవర్నరుపేట గుడిలో నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అక్కడ జరిగింది నీకు కాక ఎవరికి చెప్పను?

స్త్రీల సమాజం పెద్ద సుగుణమ్మగారు లేచి, "ముగ్గురు బిడ్డలు కడుపులోనే పోయినా నవ్వుతూ పాటలు పాడింది. మనందరికీ మాదిరి" అని కళ్లొత్తుకున్నారు. నాకు నీ పిడికెడు బియ్యం గుర్తొచ్చింది.

వండే ముందు ప్రతి ఇల్లాలూ దేవుడికని పిడికెడు బియ్యం తీసి ఉంచాలి కదా. యుద్ధం రోజుల్లో రేషను బియ్యంలోంచి కూడా నువ్వది మానలేదు. ఆదివారం గుడిలో పోగైన ఆ బియ్యమే బాలింతలకు పంచేవాళ్లం. "బిడ్డలు నిలవని చేతి బియ్యం వాళ్లకెందుకు? వేరే పెట్టండి" అన్నది ఈవిడే. నువ్వు విని, "అయితే ముసలమ్మలకి పెట్టండి వదినగారూ, వాళ్లకింక కాన్పుల భయం లేదుగా!" అని నవ్వేశావు. అప్పుడు నేను నోరు మెదపలేదు.

ఈ రోజు లేచాను. "ఆమె బియ్యం వేరే పెట్టించింది మీరేనండీ" అన్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? పోయినావిడ గురించి మంచి చెప్పుకోవాలి."

"బతికుండగా చెప్పుకోవాల్సిందండీ. మీరు పెట్టమన్నారు, ఆ మూట విడిగా కట్టింది నేను."

పాస్టరయ్యగారు నన్ను ప్రార్థన చేయమన్నారు. ఎప్పుడడిగినా కాదనని దాన్ని, తల అడ్డంగా ఊపి కూర్చున్నాను. నువ్వైతే ఆవిణ్ణి ఏనాడో క్షమించి ఉంటావు, నన్ను కూడానేమో. నాకు మాత్రం ఇద్దరి మీదా ఇంకా అసహ్యంగానే ఉంది.

నీ సారమ్మ