వెదురు అడ్డం దగ్గర చెప్పిన పట్నం

ఏమండీ,

మీరు పోయి ఏడాదైంది. మనవలకు నేను చదువు చెప్పాలంటూ అబ్బాయి విశాఖలో మన ఇల్లు అమ్మేసి, నన్ను అరకులో తన ఇంటికి ఎద్దుబండెక్కించాడు. దారిలో ఒక కొండ ఊళ్లో ఇటికల పండగట, మగవాళ్లు వేటకు పోయారు. ఆడవాళ్లు దారికి వెదురు అడ్డం పెట్టారు.

"పాటైనా పాడు, కతైనా సెప్పు ముసలమ్మా, ఒగ్గేత్తాం."

నా గొంతు మీకు తెలుసుగా, అందుకే పట్నం గురించి చెప్పాను. రేవులో నాలుగు భాషల తిట్లు, పక్కపక్క కొండల మీద గుడి, దర్గా, చర్చి, ఓడ కనబడగానే కాఫీ వదిలేసి పరుగెత్తే మీరు.

"అంత బాగుంటే ఇక్కడికేటికొచ్చినావు?" అంది ఒక గుంటపిల్ల.

నేను అబ్బాయిని చూశాను. వాడు ఎద్దులను చూశాడు.

కథ నచ్చి వెదురు ఎత్తేశారు. ఇంకాస్త సాగదీయాల్సిందండీ. బండి కొండెక్కేసింది.